కన్సల్టెన్సీ ఉద్యోగం చేస్తూ అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో చేరితే ప్రాజెక్టు పోతుందా?

గ్రీన్ కార్డ్ వచ్చింది, కన్సల్టెన్సీ తరఫున క్లయింట్ దగ్గర పని, ఇప్పుడు రిజర్వ్‌లో చేరితే ఉద్యోగం ఉంటుందా అని మీ ప్రశ్న.

ముందు జీతం ఎలా వస్తోందో చూసుకోండి. డబ్ల్యూ2 మీద, అంటే కంపెనీ ఉద్యోగిగా ఉంటే 1994 నాటి యూసెరా (మిలిటరీ డ్యూటీకి వెళ్లేవాళ్ల ఉద్యోగ హక్కుల చట్టం) మీకు అండగా ఉంటుంది. 1099 మీద సొంతంగా కాంట్రాక్ట్ చేస్తుంటే వర్తించదు. కన్సల్టెన్సీలో చిక్కేంటంటే జీతమిచ్చేది ఒకరు, పని చెప్పేది ఇంకొకరు. చట్టం లెక్కలో ఇద్దరూ యజమానులు కావచ్చు, అందుకే డ్యూటీ సంగతి ఇద్దరికీ తెలియజేయండి. నోటిమాటా చెల్లుతుంది గానీ, క్లయింట్ మేనేజర్ మారిన రోజు మీ చేతిలో ఆధారం ఉండదు. డ్రిల్ (రిజర్వ్ శిక్షణ) క్యాలెండర్ రాగానే ఏడాది తేదీలన్నీ ఒకే ఈమెయిల్లో పంపేయండి. మొహమాటపడి అనుమతి అడగొద్దు. "మార్చి 7, 8 తేదీల్లో మిలిటరీ డ్యూటీ ఉంది, 9న పనికి వస్తాను" అని రాస్తే చాలు.

నెలకో వారాంతం, ఏడాదికి సుమారు రెండు వారాలు సర్దుకోవచ్చు. పేచీ వచ్చేది ఆన్‌కాల్‌ దగ్గరే. ఆదివారం డ్రిల్ ముగించుకుని రాత్రి 10కి ఇల్లు చేరారనుకోండి. అక్కణ్నుంచి 8 గంటల విశ్రాంతి మీ హక్కు. అర్ధరాత్రి ప్రొడక్షన్ రిలీజ్‌కి కూర్చోమనడానికి లేదు, ఉదయం 6 దాటాక మొదలయ్యే షిఫ్టుకే వెళ్లాలి.

ఇది 30 రోజుల్లోపు డ్యూటీకి. 31 నుంచి 180 రోజులైతే తిరిగి చేర్చుకోమని 14 రోజుల్లో, అంతకు మించితే 90 రోజుల్లో అడగాలి. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. బేసిక్ ట్రైనింగ్ 10 వారాలు, ఆపైన ఏఐటీ (మీ విభాగం పనికి ఇచ్చే శిక్షణ). మొత్తం 180 దాటిందో లేదో లెక్కపెట్టకుండా "90 రోజులుందిలే" అని ఆగిపోతారు. గడువు దాటినంత మాత్రాన హక్కు పోదు గానీ, చెప్పకుండా మానేసినవాళ్ల మీద కంపెనీ తీసుకునే చర్యే మీ మీదా తీసుకోవచ్చు.

డ్యూటీ రోజులకు పీటీవో (జీతంతో కూడిన సెలవు) వాడమని బలవంతపెట్టకూడదు, మీరు వాడుకుంటానంటే కాదనకూడదు. ఆ రోజులకు జీతమివ్వాలని మాత్రం ఈ చట్టంలో లేదు. ఇన్సూరెన్స్ 30 రోజుల వరకు మామూలు వాటాతోనే నడుస్తుంది. ఆ తర్వాత 24 నెలల దాకా కొనసాగించుకోవచ్చు, ప్రీమియం 102 శాతం వరకు పడుతుంది. అప్పటికి ట్రైకేర్ (మిలిటరీ ఆరోగ్య బీమా) వస్తుంది కాబట్టి ఆ ప్రీమియం కట్టే ముందు రెండూ పోల్చి చూడండి.

ఇక ప్రాజెక్టు సంగతి. మీరు లేనప్పుడు ప్రాజెక్టే మూతపడి అందరూ బయటికొస్తే, ఆ సీటును ఈ చట్టం నిలబెట్టదు. మీరు డ్యూటీకి వెళ్లారన్న కారణంతో తీసేస్తే మాత్రం ఊరుకోవద్దు. ముందు ఈఎస్‌జీఆర్‌కి చెప్పండి, రక్షణ శాఖకు చెందిన ఈ సంస్థ ఉచితంగా రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే కార్మిక శాఖలోని వెట్స్ విభాగానికి ఫిర్యాదు ఫారం 1010 ఇవ్వండి, డ్యూటీ తేదీలు పంపిన ఈమెయిల్ కాపీ దాంతోనే జతచేయండి.