చేత్తో పెట్టిన క్లస్టర్, తిత్లీ తుపాను, తడిసిన నోట్‌బుక్కు

మీ ప్రశ్న ఇది: "మా కాలేజీ ల్యాబ్‌లో ఓపెన్‌స్టాక్ ఉంది. పిల్లల ప్రాజెక్టులకి కుబర్నెటిస్ క్లస్టర్ కావాలి. చేత్తో పెడితే ఒక రోజులో అయిపోతుంది. దీనికోసం హీట్ టెంప్లేట్లు నేర్చుకోవడం అవసరమా?"

అవసరమే. కొత్తవాళ్లకి ఒక మాట: ఓపెన్‌స్టాక్ మన సర్వర్లని సొంత క్లౌడ్‌గా మార్చి వీఎంలు (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) ఇస్తుంది. కుబర్నెటిస్ కంటైనర్లని (ప్రోగ్రాముని దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన మూటల్ని) కొన్ని మెషీన్ల మీద పంచి నడుపుతుంది, ఆ మెషీన్ల గుంపే క్లస్టర్. ఏమేం కావాలో ఒక ఫైలులో రాసిస్తే ఓపెన్‌స్టాక్‌లోని హీట్ కట్టిపెడుతుంది, ఆ ఫైలే టెంప్లేట్. ఒక రోజులో అయిపోతుందని నేనూ అన్నాను. మొదటిసారి ఒక రోజులోనే అయింది కూడా. రెండోసారి మూడు రాత్రులు పట్టింది. ఆ రెండోసారి సంగతే చెబుతాను.

2018లో నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని. నాలుగు పాత సర్వర్లు, వాటి మీద ఓపెన్‌స్టాక్, దాని మీద ఒక మాస్టర్ (క్లస్టర్‌ని నడిపించేది), ఐదు వర్కర్లతో (అసలు పని చేసేవి) క్లస్టర్. అన్నీ డాష్‌బోర్డులో ఒక్కొక్కటిగా క్లిక్ చేసి పెట్టినవే. ఏ కమాండ్ తర్వాత ఏది కొట్టాలో ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకున్నాను. అది చూస్తే ఎవరైనా పెట్టేయగలరని నా ధైర్యం.

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో మన వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. మా కాలేజీకి లైను రావడానికి ఐదు రోజులు పట్టింది. యూపీఎస్ బ్యాటరీలు ముందే బలహీనంగా ఉన్నాయి, కొత్తవి కావాలని రెండుసార్లు కాగితం పెట్టాను, రాలేదు. సర్వర్లు ఉన్నపళంగా ఆగిపోయాయి. ఆరో రోజు వెళ్లేసరికి వాచ్‌మన్ గది తలుపు తీసి, "పెట్టెలకేటీ అవలేదు బాబూ, కిటికీ రెక్క ఊడిపోనాది, బల్ల మీద కాగితాలే తడిసిపోనాయి" అన్నాడు.

బల్ల మీద ఉన్నది ఆ నోట్‌బుక్కే. జెల్ పెన్నుతో రాసిన పేజీలు నాలుగు నీలం మరకలై, ఒకదానికొకటి అంటుకుపోయాయి.

సర్వర్లు లేచాయి. ఓపెన్‌స్టాక్ కూడా కాసేపు సతాయించి లేచింది. మాస్టర్ వీఎం డిస్కు మాత్రం పాడైపోయింది, అందులోని ఈటీసీడీ (క్లస్టర్ లెక్కలన్నీ దాచే డేటాబేసు) ఇంక లేవలేదు. బ్యాకప్ లేదు. వారంలో ఫైనలియర్ పిల్లలకి రివ్యూ ఉంది. సరే, చేత్తోనే మళ్లీ మొదలుపెట్టాను. మొదటి రాత్రికే క్లస్టర్ పైకి వచ్చింది, నోడ్లన్నీ రెడీ అని చూపించాయి. కానీ కంటైనర్ లోపల నుంచి పింగ్ పోతుంది, చిన్న పేజీ తెరుచుకుంటుంది, ఒక ప్యాకేజీ డౌన్‌లోడ్ పెడితే కొద్దిగా వచ్చి అక్కడే నిలబడిపోతుంది. ఎర్రరు రాదు, ఏమీ రాదు. రాత్రి రెండు గంటలకి అలా నిలబడిపోయిన తెర ముందు కూర్చుంటే ఎంత టెన్షనో, కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

మొదటిసారి పెట్టినప్పుడు ఈ తంటా వచ్చిందని, నేనే సరిచేశానని లీలగా గుర్తుంది. ఎలా చేశానో గుర్తు లేదు. తడిసిన పేజీల్లో ఉంటుందని రెండో రాత్రంతా వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పెట్టి చదవడానికి ప్రయత్నించాను. మూడో రాత్రి, చెడిపోని పాత వర్కర్ డిస్కు ఒకటి తగిలించి ఫైళ్లు వెతికితే, నెట్‌వర్క్ కాన్ఫిగ్‌లో ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు) 1400 అని కనిపించింది. నేను పెట్టిన అంకే. ఓపెన్‌స్టాక్ లోపల వీఎక్స్‌లాన్ సొరంగం (ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి పంపే పద్ధతి) ప్రతి ప్యాకెట్‌లో 50 బైట్లు తీసుకుంటుంది. మామూలు 1500లో వీఎంకి మిగిలేది 1450. కంటైనర్ల నెట్‌వర్కుని దానికంటే తగ్గించి పెట్టకపోతే చిన్న ప్యాకెట్లు పోతాయి, పెద్దవి మాయమైపోతాయి. పింగ్ బాగానే ఉండి డౌన్‌లోడ్ ఆగిపోవడానికి కారణం అదే. ఈ ఒక్క ముక్క నోట్‌బుక్కులో ఏ పేజీలోనూ లేదు. అసలు రాయనే లేదు. తడవకపోయినా దొరికేది కాదు.

చేత్తో పెట్టడం వద్దని నేనంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. వేగం సంగతి పక్కన పెట్టండి. చేత్తో చేసేటప్పుడు సరిచేసినది చెయ్యి మర్చిపోతుంది. టెంప్లేట్‌లో రాయకపోతే మాత్రం క్లస్టర్ సరిగ్గా పనిచేయదు, కాబట్టి రాసి తీరతాం.

మరుసటి నెలలో హీట్ మొదలుపెట్టాను. మొదటి టెంప్లేట్ వేయగానే క్రియేట్ కంప్లీట్ అని పచ్చగా వచ్చింది. తీరా చూస్తే క్లస్టర్‌లో మాస్టర్ ఒక్కడే, వర్కర్లు ఒక్కటీ చేరలేదు. ఎందుకంటే వీఎం ఆన్ అయితే చాలు, హీట్ దృష్టిలో ఆ పని అయిపోయినట్టే. లోపల క్లౌడ్‌ఇనిట్ స్క్రిప్టు (వీఎం మొదటిసారి లేవగానే నడిచేది) ఇంకా ప్యాకేజీలు దించుకుంటోందని దానికి తెలియదు. మాస్టర్ తయారుకాకముందే వర్కర్లు వెళ్లి తలుపు తట్టి వెనక్కి వచ్చేశాయి. డిపెండ్స్ ఆన్ (ఒకటి అయ్యాకే ఇంకోటి అని చెప్పే లైను) పెట్టాను కదా అనుకుంటారు, మాస్టర్ వీఎం మీద పెడితే అది చాలదు. వెయిట్ కండిషన్ పెట్టాలి. మాస్టర్ స్క్రిప్టు చివరి లైనులో, అంతా అయ్యాక, హీట్‌కి కర్ల్ కమాండ్‌తో సక్సెస్ కబురు పంపాలి. వర్కర్లు ఎదురుచూడాల్సింది ఆ కబురు కోసం.

ఇప్పుడు విజయనగరంలో పనిచేస్తున్నాను. ఇక్కడి పిల్లలకి దీన్ని పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవంతో చెబుతాను. అమ్మవారి చదురుగుడి దగ్గర సిరిమాను సిద్ధమై నిలబడినంత మాత్రాన ఉత్సవం బయల్దేరదు. పాలధార, తెల్లఏనుగు, అంజలి రథం, జాలరి వల ముందు కదలాలి, అప్పుడే అమ్మవారి సిరిమాను కదులుతుంది. నిలబడటం వేరు, కదలడానికి కబురు రావడం వేరు. ఇది చెప్పాక వెయిట్ కండిషన్ గురించి నన్ను మళ్లీ అడిగినవాళ్లు లేరు.

ఇలాంటివి ఏ వీడియోలోనూ చెప్పరు, నా బాధంతా అదే. ఓపెన్‌స్టాక్ అని వెతికితే తొంభై పాళ్లు డెవ్‌స్టాక్ వీడియోలే. ఒక్క మెషీన్ మీద వేసి, డాష్‌బోర్డు తెరిచి చూపించి, థాంక్యూ అంటారు. డెవ్‌స్టాక్ ఉన్నది ఓపెన్‌స్టాక్ కోడు రాసేవాళ్లు పరీక్షించుకోవడానికి, ల్యాబ్ నడపడానికి కాదు. తెలుగులోనైతే హీట్ గురించి చెప్పుకోదగ్గ పాఠం ఒక్కటీ నాకు కనబడలేదు. కోచింగ్ సెంటర్లలో అమెజాన్ క్లౌడ్ తప్ప ఉద్యోగం రాదని పిల్లల్ని బెదరగొడతారు. అమెజాన్ క్లౌడ్‌ఫార్మేషన్ (అమెజాన్ క్లౌడ్‌లో టెంప్లేట్లతో కట్టే సేవ) చూసే హీట్ మొదలైంది, ఆ తరహా టెంప్లేట్లు కొన్ని దానికీ అర్థమవుతాయి. కార్డు నంబరు ఇవ్వకుండా, నెలాఖరు బిల్లు భయం లేకుండా, మన ఊరి ల్యాబ్‌లో నేర్చుకున్న పిల్ల ఎక్కడైనా పనిచేయగలదు. దీనిమీద నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

టెర్రాఫారం (ఇదే పనిని వేర్వేరు క్లౌడ్ల మీద చేసే టూల్) వాడొచ్చు కదా అని కూడా అడుగుతారు. వాడొచ్చు. 2023లో దాని లైసెన్సు మార్చారు, ఓపెన్‌టోఫు అని విడిగా ఒకటి వచ్చింది, అదీ బాగుంది. కాలేజీ ల్యాబ్‌కి మాత్రం నా ఓటు హీట్‌కే. టెర్రాఫారం ఏం కట్టిందో రాసుకునే స్టేట్ ఫైలు మామూలుగా కమాండ్ కొట్టినవాడి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ఆ అబ్బాయి సంక్రాంతికి ఊరెళ్లిపోతే ఫైలూ అతనితోనే వెళ్లిపోతుంది. హీట్ లెక్క క్లౌడ్‌లోనే ఉంటుంది. ఇక మాగ్నం (ఓపెన్‌స్టాక్‌లోనే క్లస్టర్లు కట్టిచ్చే భాగం) అంటారా, రెండు కమాండ్లలో క్లస్టర్ ఇస్తుంది, సరే. చాలాకాలం అది కూడా లోపల హీట్‌నే వాడింది, ఇప్పుడు క్లస్టర్ ఏపీఐ (కుబర్నెటిస్ ద్వారానే క్లస్టర్లు కట్టే పద్ధతి) వైపు వెళుతోంది. కానీ అది చెడితే ఎక్కడ చెడిందో పట్టుకోవాలంటే ఒక్కసారైనా సొంతంగా టెంప్లేట్ రాసి ఉండాలి.

మొదలుపెట్టేటప్పుడు మీకు అడ్డుపడేవి కొన్ని ఉన్నాయి. టెంప్లేట్ మొదటి లైనులో వెర్షన్ అని ఒక తారీఖు ఉంటుంది, 2018-08-31 లాంటిది. మా దగ్గర ఒక అమ్మాయి అక్కడ తను రాసిన రోజు తారీఖు వేసింది, పూటంతా ఎర్రరు. అది హీట్ తనకు తెలుసని చెప్పే కొన్ని తారీఖుల్లో ఒకటే అయి ఉండాలి. కోటా ముందే చూసుకోండి. మార్చకపోతే ఒక ప్రాజెక్టుకి 10 వీఎంలు, 20 కోర్లే ఇస్తుంది, పన్నెండు వర్కర్లు అడిగితే స్టాక్ (ఒక టెంప్లేట్‌తో హీట్ కట్టేదంతా) మధ్యలో ఫెయిలవుతుంది. నేర్చుకునే రోజుల్లో రోల్‌బ్యాక్ (ఫెయిలైతే కట్టినదంతా వెనక్కి తీసేయడం) పెట్టకండి. ఫెయిలైన వీఎం అలాగే ఉంటే లోపలికి వెళ్లి క్లౌడ్‌ఇనిట్ లాగ్ చదవొచ్చు, రోల్‌బ్యాక్ ఉంటే సాక్ష్యం కూడా తుడిచిపెట్టేస్తుంది. వర్కర్ల సంఖ్య మూడు నుంచి ఐదు చేసి అప్‌డేట్ కొడితే రెండు కొత్తవి వస్తాయి. కానీ క్యూబ్ఏడీఎం టోకెన్ (కొత్త వర్కర్ క్లస్టర్‌లో చేరడానికి చూపించే రహస్య సంకేతం) మామూలుగా 24 గంటలే పనిచేస్తుంది. వారం తర్వాత పెంచితే కొత్త వర్కర్లు పుడతాయి, క్లస్టర్‌లో చేరవు.

వీటన్నిటికంటే ప్రమాదం యూజర్ డేటా, అంటే వీఎంకి టెంప్లేట్ ఇచ్చే ఆ క్లౌడ్‌ఇనిట్ స్క్రిప్టు. నేను ఒకసారి మాస్టర్ స్క్రిప్టులో ఒక్క కామెంటు లైను సరిచేసి అప్‌డేట్ కొట్టాను. యూజర్ డేటా మారితే, మనం వేరేగా చెప్పకపోతే, హీట్ ఆ సర్వర్‌ని తీసేసి కొత్తది పెడుతుంది. కామెంటైనా సరే. నడుస్తున్న మాస్టర్ పోయి ఖాళీ మాస్టర్ వచ్చింది. అప్పటి నుంచి డ్రై రన్ (ఏం మారబోతుందో మార్చకుండానే చూపించేది) చూడకుండా అప్‌డేట్ కొట్టలేదు.

అయితే ఆ రోజు భయపడలేదు. మా ల్యాబ్‌లో ప్రతి శనివారం సాయంత్రం స్టాక్ మొత్తం డిలీట్ చేసి మళ్లీ కడతాం. పిల్లల డేటా వేరే వాల్యూముల్లో ఉంటుంది, దాన్ని ముట్టుకోం. ఇరవై నిమిషాల్లోపు క్లస్టర్ మళ్లీ నిలబడుతుంది. ఏ వారమైనా నిలబడకపోతే శనివారమే తెలుస్తుంది, తుపాను వెళ్లాక కాదు.

మీరు ఒక మాస్టర్, ఒక వర్కర్‌తో మొదలుపెట్టండి. ఖాళీలు లెక్కగా ఇవ్వండి, ట్యాబ్ కొడితే యామిల్ (టెంప్లేట్ రాసే ఫార్మాట్) ఒప్పుకోదు. లేవగానే డిలీట్ చేసి మళ్లీ లేపండి, ఆ తర్వాతే వర్కర్లు పెంచండి. ఎంటీయూ విలువని పారామీటర్‌గా పెట్టి, అది 1400 ఎందుకో పక్కనే ఒక లైను రాయండి. ఆ లైను స్క్రిప్టులో వద్దు, అక్కడ కామెంటు మారినా సర్వర్ పోతుంది. టెంప్లేట్‌లోనే రాయండి.