రోజుకు మనకు ఎన్ని కేలరీలు కావాలో ఎలా లెక్క వేయాలి?

ఒక ఉదాహరణతో చెబుతాను. 40 ఏళ్ల మహిళ, బరువు 60 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు. కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం పనిచేయడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. ముందు తేల్చాల్సింది అదే. 1990 నాటి మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం ఇందుకు బాగా పనికొస్తుంది: బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చించి కలపాలి. అందులోంచి వయసుకు 5 రెట్లు, ఆపైన మరో 161 తీసేయాలి. (మగవారికి 161 తీసేయకుండా 5 కలపాలి.) ఈమెకు 600 + 969 − 200 − 161, అంటే దాదాపు 1,208 కిలోకేలరీలు (తిండి విషయంలో మామూలుగా కేలరీలు అనేది వీటినే).

దీన్ని శ్రమను బట్టి హెచ్చించాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. పొద్దున అరగంట నడిచి, మిగతా రోజంతా కుర్చీలో గడిపేవారికి 1.4, మహా అయితే 1.5 చాలు. అంటే ఈమెకు సుమారు 1,700. అదే ఒంటికొలతలతో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుం వంచి వరినాట్లు వేసే కూలీకి 1,700 కేలరీల తిండి పెట్టడం అన్యాయం. ఆమెకు 2,400 దాటినా ఆశ్చర్యం లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది: 55 కిలోల మహిళకు తక్కువ శ్రమైతే 1,660, ఎక్కువ శ్రమైతే 2,720.

సూత్రం ఇచ్చేది అంచనాయే, పది శాతం అటూ ఇటూ కావచ్చు. మూడు వారాలు ఆ లెక్క ప్రకారమే తింటూ, ఉదయం పరగడుపున బరువు చూసుకోండి. పెరుగుతుంటే మీ అవసరం అంతకన్నా తక్కువ. వంటనూనెను మాత్రం లెక్కలో వదిలేయకండి, ఒక్క టీస్పూను 45 కిలోకేలరీలు.