ఆగస్టులో ఆ కూర దొరకదు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి,
ఆశీస్సులు.

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. దక్షిణ ఇటలీలో, పూల్యా ప్రాంతంలోని వాల్లె దిత్రియాలో, లోకోరోతోందో ఊరి బయట రాతి ఇంట్లో పిల్లాపెద్దా కలిసి మూడు వారాల ఆగస్టు. వస్తువు బాగుంది, వాక్యం కూడా నడుస్తోంది. కానీ నాలుగో పేజీలో ఆగిపోయాను. ఆగస్టు పదో తారీకు రాత్రి భోజనంలో చీమె ది రాపా కూరతో ఒరెక్కియెత్తె పాస్తా వడ్డించావు. ఆ కూర శీతాకాలానిది. మన ఆవాకుకు చుట్టం, కాస్త చేదు. చలి పడితేనే రుచి. ఆగస్టు ఎండలో పూల్యా పొలంలో అది ఉండదు. తెలుగు పాఠకులకు ఎలా తెలుస్తుందిలే అనుకోకు. సంక్రాంతికి బంగినపల్లి మామిడిపళ్లు తిన్నామని ఎవరైనా రాస్తే మనం ఏమంటాం? ఊరికి వెళ్లకుండా హోటల్ మెనూ చూసి రాశారంటాం.

కాబట్టి మొదటి పని: ఒక కాగితం మీద ఆ మూడు వారాల్లో అక్కడ ఏం పండుతుందో రాసుకో. టమాటా, వంకాయ, తులసికి చుట్టమైన బసీలికో, అంజూరాలు, నెలాఖరుకు బాదం కోతలు, ముళ్ల జెముడు పళ్లు. బరత్తియెరె అని ఒకటుంటుంది, కర్బూజా జాతి కాయ; పండనివ్వకుండా కీరాలా పచ్చిగా కోసుకు తింటారు. మన దోసకాయ గుర్తొస్తుంది. నీ రాతలో అది ఒక్కచోటా లేదు, బురాతా చీజ్ మాత్రం ఆరుసార్లుంది. ఆగస్టు ఒరెక్కియెత్తెకి టమాటా సాసు, పైన తురిమిన కాచోరికోత్తా చీజ్ వెయ్యి, చాలు.

రెండోది గడియారం. నీ పాత్రలు మధ్యాహ్నం మూడింటికి ఊళ్లోకెళ్లి రొట్టె కొన్నారు. ఎవరు అమ్మారు? సుమారు ఒంటిగంట నుంచి అయిదు దాకా కోంత్రోరా. కొట్లు మూసి, కిటికీ తలుపులు వేసి, ఊరంతా లోపలుంటుంది. ఆ వేళ వీధిలో కనబడేది నీడ కోసం గోడవారన నడిచే పిల్లి, పరాయి ఊరివాళ్లు. సాయంత్రం మళ్లీ కొట్లు తెరుస్తారు. ఏడు దాటాక బట్టలు మార్చుకుని పస్సెజ్జాతా, అంటే అదే వీధిలో అటూ ఇటూ నడక, పలకరింపులు. భోజనం తొమ్మిదికి. చంటిపిల్లలు పదకొండింటికి కూడా చౌకులో పరుగెడుతుంటారు, ఎవరూ ఏమనరు. మన పిల్లలు ఏడున్నరకే ఆకలని ఏడుస్తారు కదా, ఆ గంటన్నర ఏం పెట్టి ఊరుకోబెట్టారో రాయి. నీ అధ్యాయంలో హాస్యం అక్కడుంది.

ఆ గంటన్నరకు అక్కడే మందుంది: ఫ్రిసెల్లె. రెండుసార్లు కాల్చిన గట్టి రొట్టె చక్రాలు. చల్లటి నీళ్లలో కొన్ని సెకన్లు ముంచి తీసి, కోసిన టమాటాను పైన పిండుతూ రుద్ది, ఉప్పు, ఒరెగానో, ఆలివ్ నూనె. ఎక్కువసేపు ముంచితే గంజి అవుతుంది, ముంచకపోతే పన్ను కదులుతుంది. ఇది నాలుగు వాక్యాల్లో వచ్చింది చూశావా? నీ ప్రతిలో «అద్భుతమైన స్థానిక చిరుతిండి» అనే మూడు ముక్కల్లో పోయింది.

ఇక ఒరెక్కియెత్తె చేసే దృశ్యం. పక్కింటి ముసలావిడ పిల్లలకు నేర్పుతున్నట్టు రాశావు, «ఆమె వేళ్లు నాట్యం చేశాయి» అన్నావు. నాట్యం తీసెయ్. వేళ్లు ఏం చేశాయో పెట్టు.

నలుగురికి 400 గ్రాముల సెమొలా రిమచినాతా కావాలి. దురుమ్ అనే గట్టి గోధుమను రెండుసార్లు మర ఆడించిన సన్నటి పసుపు పిండి అది. బొంబాయి రవ్వ కాదు, మైదా అసలే కాదు. గుడ్డు వెయ్యరు. గోరువెచ్చటి నీళ్లు 200 మిల్లీలీటర్లు, కానీ ఒక్కసారి పొయ్యరు. పిండిని బట్టి రెండు చెంచాలు మిగలొచ్చు. పది నిమిషాలు అరచేతి మొదలుతో నొక్కి పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేస్తారు. తర్వాత చిటికెనవేలి లావున తాడులా పేని, సెంటీమీటరు ముక్కలు కోస్తారు. అసలు కిటుకు ఇక్కడ: మొద్దు అంచు కత్తిని ముక్క మీద పడుకోబెట్టి, నొక్కుతూ తనవైపు లాగుతారు. ముక్క పల్చబడి కత్తి చుట్టూ ముడుచుకుంటుంది. దాన్ని బొటనవేలి కొసకు తగిలించి లోపలి వైపు బయటికొచ్చేలా తిరగేస్తారు. గరుకు వైపు పైకొస్తుంది, సాసు దానికి పట్టుకుంటుంది. పేరుకు అర్థం చిన్న చెవులు; తిరగెయ్యకపోతే చెవి రాదు.

పిల్లల చేతిలో ఇది ఎలా పాడవుతుందో కూడా పెట్టు. పిండి పలచనైతే కత్తికి అంటుకుని బల్ల మీద జిగురులా సాగుతుంది. గట్టిపడితే అంచులు పగులుతాయి. గ్రానైట్ గట్టు మీద చేస్తే ముక్క జారిపోతుంది, గరుకు రాదు. అందుకే అక్కడివాళ్లు పాత చెక్కబల్ల వాడతారు. చేసినవి ఒకదానికొకటి తగలకుండా గుడ్డ మీద ఆరబెట్టాలి, గిన్నెలో కుప్పపోస్తే ముద్దే. లీటరు నీళ్లకు పది గ్రాముల ఉప్పు, వంద గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు. పైకి తేలగానే తియ్యకు, ఒకటి కొరికి చూసి తియ్యాలి. నీ కథలో ఎనిమిదేళ్ల పిల్ల మొదటి పాతికా పాడుచేసి ఇరవయ్యారోది సరిగ్గా తిప్పిందనుకో, ఆ ముసలావిడ మంచితనం గురించి నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

లిపి సంగతి ఒకటి, ఇది తెలుగులో రాసేవాళ్లకే దక్కిన వరం. ఇటాలియన్‌లో త, ద పళ్లకు తగిలే అక్షరాలు, మన త, ద లాగే. ఇంగ్లీషు మీదుగా తెచ్చుకుని ట, డ పెట్టకు. బ్రుషెట్టా కాదు, బ్రుస్కెత్తా. మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. కొస అచ్చు మింగకు. ఒత్తు ఉన్నచోట ఒత్తు, లేనిచోట లేదు. నొన్నో అంటే తాతయ్య, నోనో అంటే తొమ్మిదోది. నువ్వు రెండు పేజీల పాటు తాతగారిని తొమ్మిదోవాడని పిలిచావు! పిజ్జాను మాత్రం పిజ్జాగానే ఉంచు, అది మన మాటైపోయి చాలాకాలమైంది.

పండగల దగ్గరికొద్దాం. అక్కడ నువ్వు రెండిటిని కలిపేశావు. సాగ్రా వేరు, ఊరి దేవుడి ఫెస్తా వేరు. సాగ్రా ఇప్పుడు ఎక్కువగా ఒక వంటకం పేరనో, ఒక పంట పేరనో జరిగే తిండి జాతర. ప్రో లోకో అనే ఊరి సంఘం లాంటివాళ్లు నడుపుతారు. అక్కడ పద్ధతి ఇది: ముందు కస్సా అనే బల్ల దగ్గర వరసలో నిలబడి డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, తర్వాత ఆ చీటీతో వంట దగ్గర ఇంకో వరస. తెలియనివాళ్లు నేరుగా వంట దగ్గరికి పోయి ఇరవై నిమిషాలు నిలబడి వెనక్కి వస్తారు. పొడవాటి బల్లలు, వాటి మీద పరిచిన కాగితాలు, ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన భోజనం.

ఫెస్తాకు దేవుడుంటాడు. లోకోరోతోందోలో సాన్ రోక్కో, ఆగస్టు 16. ఐరోపాలో ప్లేగుకు మొక్కుకున్న సెయింటు. విగ్రహాన్ని చూస్తే తొడ మీద పుండు చూపిస్తుంటాడు, పక్కన నోట రొట్టె కరుచుకున్న కుక్క. నీ ప్రతిలో «అందమైన విగ్రహం» ఉంది, కుక్క లేదు. పిల్లలు మొదట చూసేది కుక్కనే కదమ్మా.

వరస సరిచూసుకో. ముందు తొమ్మిది రోజుల నొవేనా ప్రార్థనలు. వీధి మీద లుమినారియె లేస్తాయి, చెక్క చట్రాలకు రంగు దీపాలు బిగించిన గోపురాల్లాంటి తోరణాలు. పండగనాడు పొద్దున్నే పేలుళ్లు, ఊళ్లో తిరిగే బాండు మేళం. పూజ, ఊరేగింపు; విగ్రహం వెనక మూడు రంగుల పట్టీ వేసుకున్న మేయరు. రాత్రి కస్సా అర్మోనికా అనే గుండ్రటి గోపురం కప్పు వేదిక మీద అదే బాండు కూర్చుని వెర్ది, పుచ్చీని అనే స్వరకర్తల ఒపేరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, వాయిస్తుంది. పాడేవాళ్లు ఉండరు, గాయకుడి వంతు ఫ్లికోర్నో అనే ఇత్తడి బూర అందుకుంటుంది. ముసలివాళ్లు కుర్చీలు వేసుకుని, పాట తెలుసు కాబట్టి పెదాలు కదుపుతూ వింటారు. నా మాట విని ఈ దృశ్యానికి ఒక పేజీ ఇవ్వు, బాణసంచాకి రెండు వాక్యాలు ఇవ్వు. బాణసంచా అందరూ రాస్తారు.

దీన్ని తిరునాళ్లతో పోల్చావు. పోలిక తప్పు కాదు: ఇంటింటికీ తిరిగి చందాలు వసూలు చేసే కమిటీ వాళ్లకీ ఉంది, అంగళ్లున్నాయి, వలసవెళ్లి పండక్కి ఊరికొచ్చే కొడుకులున్నారు. కానీ «మన జాతరలాంటిదే» అని వదిలేస్తే పాఠకుడు మన జాతరనే చూస్తాడు, వాళ్లది చూడడు. ఒక్క చందాల పుస్తకం దగ్గర పోల్చి వదిలెయ్.

ముందురోజు 15, ఫెర్రాగోస్తో. మరియమ్మ స్వర్గారోహణ పండగ. పేరు మాత్రం అంతకంటే పాతది, క్రీ.పూ. 18లో అగస్టస్ చక్రవర్తి పెట్టిన సెలవుల నుంచి వచ్చింది. ఆ రోజు చాలా కొట్లు తెరవరు. నీ కథలో ఆరోజు పొద్దున పాలు అయిపోతాయి, వెళ్లి తెచ్చుకుంటారు. తెచ్చుకోలేకపోతే ఎలా ఉంటుందో ఆలోచించు.

పస్సాతా అధ్యాయం నీ పుస్తకానికి గుండెకాయ కావాలి, ఇప్పుడు ముప్పావు పేజీ ఉంది. ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు సీసాల్లో పట్టే రోజు. చుట్టాలందరికీ కలిపి వంద కిలోలు పట్టడం మామూలే. ఎండ ముదరకముందే, చీకటితో మొదలు. కడగడం, మెత్తబడినవి ఏరి పారెయ్యడం, చీల్చి నీళ్లు వార్చడం, ఉడికించి మరలో ఆడించడం. మరలోంచి వచ్చిన తొక్కల్ని మళ్లీ ఒకసారి వేస్తారు, చిక్కదనం అందులోనే ఉంది. సీసాకు ఒక బసీలికో ఆకు, మూత కింద రెండు మూడు వేళ్లు ఖాళీ. ఇనప పీపాలో సీసాలు పేర్చి మధ్యలో పాత గుడ్డలు, గోనెలు కుక్కుతారు, లేకపోతే మరుగుతున్నప్పుడు ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయి. నీళ్లు సీసాలు మునిగేదాకా. మరగడం మొదలయ్యాక సుమారు ముప్పై నలభై నిమిషాలు. తర్వాత మంట ఆర్పి, మర్నాటిదాకా ఆ నీళ్లలోనే వదిలెయ్యాలి. తొందరపడి వేడి సీసా బయటికి తీస్తే పెళ్లుమంటుంది. పాత మూతలు మళ్లీ వాడితే గాలి చొరబడి నెలకల్లా పులుస్తుంది. తీసేటప్పుడు మూత ఉబ్బి కనిపిస్తే పారెయ్యడమే.

ఇక్కడ నువ్వు ఆవకాయ తెచ్చావు, బాగా తెచ్చావు. ఏడాదికోసారి, ఇంటిల్లిపాదీ, ఎవరి పని వాళ్లకుండటం, చిన్నపిల్లల్ని తుడిచే పనికి పెట్టటం, అన్నీ కుదిరాయి. కానీ «తడి తగలకూడదని పెద్దావిడ అరిచింది» అన్నావు. తడి భయం ఆవకాయది. ఆవకాయను నిలబెట్టేది ఉప్పూ కారం నూనే, పస్సాతాను నిలబెట్టేది వేడీ మూతా. అక్కడ ఆవిడ అరిస్తే మూత సరిగ్గా బిగించలేదని అరుస్తుంది.

చిన్నవి గబగబా చెప్పేస్తాను. మీ ఇల్లు «త్రుల్లో» అనే రకం, సున్నపురాతి పలకలు సున్నం అడుసూ లేకుండా పేర్చిన శంకు కప్పు. పక్క ఊరు అల్బెరోబెల్లోలో అవి గుంపుగా ఉన్నాయి, 1996లో యునెస్కో జాబితాకెక్కాయి. లావు గోడల వల్ల పగలు చల్లగా ఉంటుందని రాశావు, సరే. ఫోన్ సిగ్నల్ లోపలికి రాదని కూడా రాయి. ఇటలీ ఇళ్లకు కరెంటు మామూలుగా 3 కిలోవాట్లే. ఒవెను, బట్టల మిషను, ఏసీ ఒకేసారి వేస్తే కట్టయిపోతుంది. మీటరు బయట ఎక్కడో ఉంటే టార్చి పట్టుకుని వెతకాలి. దిగిన రోజే ఇంటివాళ్లు అందరి పాస్‌పోర్టులూ అడిగారని కోపంగా రాశావు, అది వాళ్ల అనుమానం కాదు; అతిథుల వివరాలు పోలీసులకు పంపడం అక్కడ చట్టం.

శాకాహారి అత్తగారి పాత్ర నాకు నచ్చింది. ఆవిడ కష్టాన్ని సరిగ్గా చూపించు. మాంసం వద్దంటే చేప వద్దని అర్థం కాదు వాళ్లకి. సాసుల్లో ఆంచోవీ చేపలు కరిగి కనబడకుండా ఉంటాయి. చాలా చీజ్‌లలో పాలు విరగడానికి వాడేది దూడ పొట్టలోంచి వచ్చే రెనెట్. పక్క ఊరు చిస్తెర్నీనోలో మాంసం కొట్టువాడే పొయ్యి పెట్టి, నువ్వు ఏరుకున్న బొంబెత్తె పంది మాంసపు చుట్టల్ని కాల్చి బల్ల మీదికి తెచ్చిస్తాడు. కుటుంబమంతా అక్కడికి వెళ్లిన రాత్రి అత్తగారు ఏం చేశారు? రొట్టె, బరత్తియెరె తిని బయట అరుగు మీద కూర్చున్నారా? ఆవిడ చోటునుంచి ఆ రాత్రిని రాసి చూడు. వాసన ఎలా ఉందో ఆవిడ నీకన్నా నిజంగా చెబుతుంది.

మీ పక్కింటివాళ్ల అసలు పేర్లు మార్చు. నిలుపుకోలేక అమ్ముకున్న పొలం సంగతి వాళ్లు నీకు చెప్పారు, అచ్చుకు చెప్పలేదు.

రెండో ప్రతి పంపేటప్పుడు చివరి అధ్యాయం తీసేసి పంపు. విమానంలో కన్నీళ్లు అక్కర్లేదు. పస్సాతా సీసాలు పదకొండు సామానులో పెట్టి బరువు ఎక్కువై, విమానాశ్రయంలో నేల మీద పెట్టె తెరిచి, ఏ నాలుగు వదలాలో అత్తాకోడళ్లు వాదించుకున్నారే, ఆ పేజీ దగ్గర ఆపు.

ఆశీస్సులతో.