ఎల్4-ఎల్5 డిస్కుకి ఆపరేషన్ చేయించాలా? ముందు మీ వారి కాలి చెప్పు జారుతోందేమో చూడండి

రాజాం నుంచి అడిగిన అమ్మా, మీ వారికి 41 ఏళ్లని, ఆటో నడుపుతారని, రెండున్నర నెలలుగా నడుం నుంచి ఎడమ పిక్క దాకా లాగేస్తోందని రాశారు. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్కు, అంటే నడుం నాలుగో ఐదో పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల, జారిందట. విశాఖ డాక్టరు ఆపరేషన్ అన్నారు, ఫిజియో వ్యాయామం చాలన్నారు, మీ అత్తగారేమో వెన్ను మీద కత్తి పెడితే మనిషి మంచానికే అంటున్నారు. మూడు మాటలూ నేను పడ్డవే. నేను డాక్టర్ని కాను. నరసన్నపేట దగ్గర ఎరువుల కొట్టు నాది. 2019లో నాకూ అదే డిస్కు, అదే కాలు. నేను కోయించుకోలేదు. తర్వాత రెండేళ్లకి మా అప్ప, అంటే అక్క, కోయించుకుంది. ఇద్దరం చేసిందీ సరైన పనే.

ఉభాల రోజులు, అంటే వరి నాట్ల కాలం, లోడు దిగింది, కలాసీ రాలేదు. అంతకుముందు ఏడాదే యూరియా బస్తాని 50 కేజీల నుంచి 45కి తగ్గించారు గానీ ఆ ఐదు కేజీల దయ నా నడుం దాకా రాలేదు. వంగి ఎత్తుతూనే పక్కకి తిరిగాను. బరువు కంటే ఆ మెలికే కొంప ముంచింది. కలుక్కుమంది, అక్కడే కూలబడ్డాను.

మొదటి రెండు వారాలూ మంచం, మాత్రలు. మా అమ్మ ఊరుకోక, ఎదురుకాళ్లతో పుట్టినవాడు తంతే నడుం నొప్పి పోతుందని వీధి చివరి గుంటణ్ణి పిలిపించింది. ఏడో తరగతి వాడు. "సిన్నాన్నా, గట్టిగా తన్నీమంటావా?" అని అడిగి మరీ మూడు తన్నులు తన్నాడు. వాడికి పది రూపాయలు దక్కాయి, నాకు ఇంకో వారం మంచం దక్కింది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాటెత్తితే ఒప్పుకోకండి.

తర్వాత మా బావ సలహా, సూర్యనమస్కారాలు. అరసవల్లి సూర్యనారాయణ స్వామిని పక్కన పెట్టుకుని ఇంకో మందెందుకన్నాడు. చేతులు పాదాలకి ఆనించబోయేసరికి బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టయింది. స్వామి తప్పేం లేదు. ముందుకి వంగితే డిస్కు వెనక్కి ఒత్తుతుంది, నరం ఉన్నది అటువైపే. బాగున్నప్పుడు మంచిదైన ఆసనమే అప్పుడు నాకు విషమైంది. వ్యాయామం అంటే ఏ వ్యాయామం అని అడగాలని నాకు అక్కడ తెలిసింది.

శ్రీకాకుళంలో నేను చూపించుకున్న ఫిజియో ఒక ఆవిడ. "నొప్పి ఎంతవరకు దిగుతోందో వేలితో చూపించండి" అన్నారు. చీలమండ చూపించాను. బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద ఛాతీ లేపి ఐదు నిమిషాలు ఉంచి మళ్లీ అడిగారు. ఇప్పుడు మోకాలు దాకానే ఉంది, కానీ నడుంలో ఇంకా ఎక్కువైంది. నేను భయపడ్డాను, ఆవిడ సంతోషించారు. కాలి నొప్పి పైకెక్కి నడుంలోకి చేరితే దారిలో పడ్డట్టే, కిందకి దిగితే ఆ వ్యాయామం వెంటనే ఆపాలి అన్నారు. న్యూజిలాండ్ ఫిజియో రాబిన్ మెకెంజీ పేరు మీద ఉన్న పద్ధతి అది. కొందరికి పడదు, అందుకే మొదటిసారి మనిషి ఎదురుగా ఉండి చూడాలి. ఫోన్లో వీడియో చూసి మొదలెట్టొద్దు.

రెండు గంటలకోసారి కొట్లోనే గోనె పరుచుకుని బోర్లా పడుకునేవాణ్ణి. "ఏటి బావూ, గల్లాపెట్టి కాడ మొసల్లాగ తొంగున్నావ్?" అని రైతులు నవ్వేవారు. నడక పది నిమిషాలతో మొదలెట్టి నలభైకి తెచ్చాను. నెల దాటాక వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం. గంటసేపు కూర్చోడానికి ఆరు వారాలు పట్టింది, మళ్లీ బస్తా ముట్టుకోడానికి నాలుగు నెలలు.

ఎమ్మారై కాగితంలో బల్జ్ (డిస్కు ఉబ్బడం), డీజెనరేషన్ (అరుగుదల) అని చదివి నాకు నిద్ర పట్టలేదు. నడుం నొప్పే లేనివాళ్ల స్కాన్‌ల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కేస్తే, 40 ఏళ్ల వాళ్లలో సగం మందికి బల్జ్ ఉంది. అందుకని ఫోటో ఒక్కదాన్నే చూసి కోయమన్నవాళ్లనీ, అసలు ఫోటో చూడకుండానే వద్దన్నవాళ్లనీ నేను సమానంగా నమ్మను.

ఇక మా అప్ప. విజయనగరంలో ఘంటస్తంభం దగ్గర కూరలు కొని వస్తుంటే వెనకనుంచి ఎవరో "అమ్మా, మీ చెప్పు" అని పిలిచారట. ఎడమ చెప్పు పది అడుగుల వెనకే ఉండిపోయింది, తనకి తెలియనే లేదు. ఆ వారంలోనే గడప రెండుసార్లు తన్నుకుంది. ఫోన్లో మాత్రం "నొప్పి తగ్గిపోయిందిరా" అని సంబరంగా చెప్పింది. అసలు భయపడాల్సింది ఆ మాటకే. నొప్పి తగ్గుతూ బలం పోతోందంటే నరం నీరసించిపోతోంది. సర్జన్ మడమల మీద నడవమంటే ఆ పాదం పైకి లేవలేదు. వారంలోపే చిన్న కోతతో జారిన ముక్క తీసేశారు, మర్నాడే నడిపించారు. కాలి లాగుడు పోయింది. పాదంలో బలం మాత్రం ఐదు నెలలకి గానీ రాలేదు, తిమ్మిరి కొంచెం ఇంకా ఉంది. నడుం నొప్పి అప్పుడప్పుడు వస్తూనే ఉంది, ఎందుకంటే ఆ ఆపరేషన్ నరం మీద బరువు తీస్తుంది గానీ కొత్త నడుం ఇవ్వదు. ఇప్పుడు తనూ నా వ్యాయామాలే చేస్తోంది. మీ అత్తగారికి చెప్పండి, మంచం మీద లేదు, రోజూ మేడ మెట్లెక్కుతోంది.

మీ వారికి బలం తగ్గకుండా నొప్పి మాత్రమే ఉంటే తొందర లేదు. నెదర్లాండ్స్‌లో 6 నుంచి 12 వారాలుగా కాలి లాగుడుతో ఉన్న 283 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి వెంటనే ఆపరేషన్, ఒకరికి వేచి చూడటం అన్నారు. 2007లో ఫలితాలొచ్చాయి. కోయించుకున్నవాళ్లకి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. వేచి ఉన్నవాళ్లలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కి వెళ్లారు, అదీ నిజమే. అంటే ఆపరేషన్‌తో కొనుక్కునేది ఎక్కువగా సమయం. నా కొట్టు మా తమ్ముడు చూసుకున్నాడు కాబట్టి నేను నాలుగు నెలలు ఇవ్వగలిగాను. ఆటో ఆగితే పొయ్యి ఆగే ఇంట్లో త్వరగా తగ్గాలనుకోవడం తప్పు కాదు. అయితే కోయించుకున్నా కొన్ని వారాలు ఆటో ఎక్కకూడదు, ఆ లెక్కా వేసుకోండి. ఈలోగా బలం చూస్తూ, మనిషి ఎదురుగా ఉండే ఫిజియో దగ్గర ఆరు వారాలు గట్టిగా ప్రయత్నించడం నా సలహా.

మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పడిపోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, రెండు కాళ్లూ లాగినా ఈ సలహాలేవీ పనికిరావు. అర్ధరాత్రైనా 108 పిలిచి న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లిపోండి. నడుం నొప్పితో జ్వరమో, కారణం లేకుండా చిక్కిపోవడమో ఉన్నా వ్యాయామాలు ఆపి డాక్టరుకి చూపించాలి.

రేపు పొద్దున్న ఆయన్ని గోడ పట్టుకుని మడమల మీద పదడుగులు, మునివేళ్ల మీద పదడుగులు వేయమనండి. ఎడమ పాదం కుడిదానంత పైకి లేస్తోందా, చెప్పు జారుతోందా చూసి ఇక్కడే రాయండి.