గట్టుకీ హైవేకీ ఒకే టైరు

ప్రశ్న: ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. నాది ఎక్స్‌పల్స్ 200 బండి. రోజూ 216 హైవే మీద ముప్పై కిలోమీటర్లు, ఆ తర్వాత పుంతల్లో, చెరువు గట్ల మీద ఇంకో పది పన్నెండు తిరుగుతాను. కిందటి వానాకాలం గట్టు మీద రెండుసార్లు పడ్డాను. ఏడాదికి రెండు మూడుసార్లు స్నేహితులతో మారేడుమిల్లి కూడా వెళ్తాం. ఇప్పుడు టైర్లు అరిగిపోయాయి. బురదకి పెద్ద బటన్ల టైర్లే (పైన రబ్బరు దిమ్మలు విడివిడిగా పొడుచుకొచ్చి ఉండేవి) వేసుకోమని షాపులో అంటున్నారు. వెనక టైరు వెడల్పు 120 బదులు 130 వేస్తే పట్టు ఇంకా బాగుంటుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయమంటారు గురువుగారూ?

జవాబు: పెద్ద బటన్లు వద్దండి. వెనక 130 అసలే వద్దు.

ముందు నా సంగతి చెప్తాను. రావులపాలెంలో టైర్ల షాపు నడుపుతున్న రోజుల్లో నా బండికీ పెద్ద బటన్ల టైర్లే వేసుకున్నాను. కార్తీక మాసంలో నేనూ మా ఇంటావిడా ద్రాక్షారామం వెళ్లి వస్తున్నాం. రోడ్డంతా బస్సులు, కార్లు ఉన్నాయని కాలువ గట్టు ఎక్కాను. గట్టు మీద బురదే, అయినా బండి రాజాలా వచ్చింది. గట్టు దిగి తారు రోడ్డెక్కాక సన్నగా తుంపర మొదలైంది. ఒక గేదె అడ్డం వస్తే ముందు బ్రేకు పట్టాను. గట్టిగా కూడా పట్టలేదు. ముందు చక్రం కిందనుంచి ఎవరో లాగేసినట్టు పోయింది. నాకు మోచెయ్యి గీసుకుంది, అంతే. మా ఆవిడకి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఎడం చేత్తో వంట చేసింది. టైరు మంచిదే, నేను తిరిగే దారికి అది సరిపోయేది కాదు. అప్పటినుంచీ టైరు కోసం ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: మీరు ఎక్కువ స్పీడులో ఉండేది ఎక్కడ?

మీరు గట్టు మీద పడ్డప్పుడు స్పీడెంత? పదిహేనో ఇరవయ్యో ఉంటుంది. బట్టలు పాడవుతాయి, మోకాలు చెక్కుకుపోతుంది. అదే హైవే మీద అరవైలో పడితే వెనక లారీ ఉంటుంది. కాబట్టి మీ టైరు ముందు తడి తారు మీద ఆగాలి. బురదలో నడవడం ఆ తర్వాత.

బటన్ల టైరు తారు మీద ఎందుకు జారుతుందంటే, దాని మొత్తం వెడల్పు రోడ్డుకి ఆనదు. బటన్ల తలలే ఆనతాయి. బ్రేకు వేసినప్పుడు, మలుపులో బండి వంచినప్పుడు ఒక్కో బటనూ పక్కకి వంగుతుంది. ఎండలో నెట్టుకురావచ్చు గానీ, మనకి రోడ్డు పొడిగా ఉండే రోజులెన్ని? వానల్లేకపోయినా చేపల లారీల నుంచి ఐసు నీళ్లు కారుతూనే ఉంటాయి. ఊళ్లలో కొబ్బరి చెట్ల నీడన సిమెంటు రోడ్లు పాచి పట్టి ఉంటాయి. ఊడ్పుల రోజుల్లో దమ్ము చేసిన ట్రాక్టర్లు చక్రాలకున్న బురదంతా రోడ్డు మీద పెళ్లలు పెళ్లలుగా రాల్చిపోతాయి. పైగా తారు మీద రోజూ ముప్పై కిలోమీటర్లంటే వెనక టైరు మధ్య బటన్లు చూస్తుండగానే అరిగిపోతాయి. అవి అరిగాక అది బురదకీ పనికిరాదు.

అలాగని నున్నటి రోడ్డు టైరు వేసుకోమనీ చెప్పను. మీరు గట్టు మీద ఎందుకు పడ్డారో నాకు తెలుసు. మన ఒండ్రు మట్టి ఎండితే ఇటుకలా ఉంటుంది, తడిస్తే జిగురు. మామూలు టైరు గీతల్లో పది అడుగుల్లోనే నిండిపోతుంది. ఇక ఆ టైరుకి గీతలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. సందులు కాస్త వెడల్పుగా ఉంటే చక్రం తిరిగే ఊపుకి మట్టి దానంతటదే విసిరిపోతుంది. మీక్కావలసింది ఆ సందులు.

కాబట్టి మధ్య రకం తీసుకోండి. మధ్య వరుసలో దిమ్మలు దగ్గర దగ్గరగా, వీలైతే ఒకదానికొకటి కలిసి ఉండాలి. అంచుల్లో విడివిడిగా ఉండాలి. మేం షాపులో చూసే లెక్క మోటుగా ఉంటుంది గానీ పనికొస్తుంది: మధ్యలో సందు చిటికెన వేలు పట్టేంత, అంచుల్లో బొటనవేలు పట్టేంత. ఒక దిమ్మని బొటనవేలితో పక్కకి గట్టిగా నెట్టి చూడండి. సులువుగా ఊగితే ఆ టైరు వద్దు. రోడ్డుకి ఇంత శాతం, మట్టికి ఇంత శాతం అంటూ 50-50, 70-30 అని చెప్పే అంకెలు ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకున్న అంచనాలు. ఒక కంపెనీ 50ని ఇంకో కంపెనీ 50తో పోల్చకండి, టైరు చేత్తో పట్టుకుని చూడండి.

ఇక సైజు. మీ బండికి ముందు 90/90-21, వెనక 120/80-18. 120 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం, అంటే 96 మిల్లీమీటర్లు టైరు ఎత్తు. 18 అంగుళాల్లో రిమ్ము. అదే రిమ్ముకి 130 ఎక్కిస్తే టైరు అంచులు లోపలికి నొక్కుకుపోయి నడినెత్తి లేస్తుంది. అంటే అంత డబ్బు పెట్టినా రోడ్డుకి ఆనేది పెద్దగా పెరగదు. చెయిన్‌కి ఒరుసుకునే ప్రమాదం కూడా ఉంది. బురద సంగతి చూస్తే, సన్న టైరే పైనున్న జారుడు మట్టిని కోసుకుని కింద గట్టి నేల అందుకుంటుంది. వెడల్పు టైరు పైపైన తేలుతుంది. సైజు పక్కన 62ఎస్ లాంటి గుర్తు కూడా చూడండి. 62 అంటే ఆ టైరు 265 కిలోలు మోస్తుందని, ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వరకూ తట్టుకుంటుందని. పాత టైరు మీద ఉన్నదానికన్నా తక్కువది తీసుకోవద్దు.

డబ్బు ఒక్క టైరుకే ఉంటే ముందుది మార్చండి. చాలామంది వెనకది మారుస్తారు, ఎందుకంటే అరిగినట్టు కంటికి కనిపించేది అదే. వెనక చక్రం జారితే బండి తోక ఊపుతుంది, కాలు ఆనించి నిలబెట్టుకోవచ్చు. ముందు చక్రం జారితే కాలు తీసేంత టైముండదు. ఆ కార్తీక మాసం సాయంత్రం నాకు జరిగింది అదే.

గాలి గురించి కూడా చెప్పాలి. గట్టు మీద కాస్త గాలి తగ్గిస్తే టైరు నేలకి పరుచుకుని పట్టు పెరుగుతుంది. కానీ మీవి ట్యూబు టైర్లు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. లేదా టైరు రిమ్ము మీద జరిగి వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది. 20 పాయింట్ల కిందికి దింపకండి. హైవే ఎక్కేముందు మళ్లీ కంపెనీ చెప్పినంతా నింపి తీరాలి. ఇందుకోసం చెరువు దగ్గర షెడ్డులో బండ్లకి వాడే కాలి పంపు ఒకటి, గేజి ఒకటి పెట్టుకోండి. గట్టు దిగాక ఓ రెండు వందల మీటర్లు రోడ్డు పక్కనే మెల్లగా నడిపి, రెండుసార్లు తేలిగ్గా బ్రేకు వేయండి. టైరు మట్టి వదులుతుంది, డిస్కు మీద బురద తుడుచుకుపోతుంది. కొత్త టైరు వేసిన మొదటి 150 కిలోమీటర్లు కూడా నెమ్మదే. పైన నున్నటి పొర అరిగేదాకా అది జారుతుంది. వేసేటప్పుడు పక్కనున్న బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందో లేదో దగ్గరుండి చూసుకోండి.

మారేడుమిల్లికి ఇదే టైరు చాలు. ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి వంచాలి. అక్కడ పెద్ద బటన్లకన్నా ఇదే నయం.

ప్రశ్న: షాపులో రెండేళ్లుగా పడి ఉన్న కొత్త టైరు సగం ధరకి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? (పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండేళ్లన్నది వాళ్ల మాట. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఒక గడి, అందులో నాలుగు అంకెలు ఉంటాయి. 3822 అని ఉంటే 2022లో 38వ వారంలో తయారైందని. అంకెలు కనపడకపోతే టైరు తిప్పించి రెండో వైపు చూడండి. తయారై మూడేళ్లు దాటితే నేనైతే కొనను. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, గట్టిపడిన రబ్బరు తడి రోడ్డు మీద పట్టదు. మూడేళ్ల లోపుదైతే, ఎండ తగలని చోట ఉంచి ఉంటే, గీతల అడుగున గోటితో నొక్కినప్పుడు పగుళ్లు లేకపోతే తీసుకోండి.

ప్రశ్న: నేను లంక గ్రామాల్లో ఆరోగ్య కార్యకర్తని. పంటు మీద రేవు దాటి, ఇసుకలో, మట్టి దారిలో యాక్టివా మీద తిరుగుతాను. వ్యాక్సిన్ పెట్టె ముందు పెట్టుకుంటాను. దీనికి బురద టైర్లు దొరుకుతాయా? ఇసుకలో హ్యాండిల్ లాగేస్తుంటే చాలా టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: అమ్మా, మీలాంటి వాళ్లు తిరగబట్టే లంకల్లో పిల్లలకి సూదులు అందుతున్నాయి. జాగ్రత్తగా ఉండాలి మీరు.

మీ బండికి వెనక పది అంగుళాల చక్రం. ఆ సైజులో దిమ్మల టైర్లు కొన్ని వస్తున్నాయి గానీ, చక్రం చిన్నది కాబట్టి మీరనుకున్నంత తేడా తెలియదు. వాటికన్నా అరగని టైర్లు, సరైన గాలి మీకు ఎక్కువ మేలు చేస్తాయి. టైరు గీతల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మలు ఉంటాయి. పైభాగం అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. మీరు మాత్రం అంతదాకా ఆగొద్దు, వానాకాలం ముందే మార్పించండి. చాలామంది మెకానిక్కులు అడక్కుండానే రాయిలా గాలి కొట్టేస్తారు. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసినంతే కొట్టించుకోండి. మీ హ్యాండిల్ లాగడానికి సగం కారణం అదే కావచ్చు.

పెట్టె ముందు కాకుండా వెనక సీటు మీద బెల్టుతో గట్టిగా కట్టండి. ముందు చక్రం మీద బరువు తగ్గితే ఇసుకలో అంతగా దిగబడదు. ఇసుకలోకి దిగాక ఎక్సలేటర్ ఒకే తీరున ఉంచండి, మధ్యలో ఆపకండి, బ్రేకు పట్టకండి. హ్యాండిల్ కాస్త ఊగుతుంది, దాన్ని బిగబట్టకుండా చేతులు వదులుగా ఉంచండి. పంటు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం బండి మీద కూర్చోవద్దు. తడి చెక్కల మీద, రేకుల మీద ఏ టైరూ ఆగదు. దిగి నడిపించండి, వెనక పట్టుకోమని పంటు మీది మనిషిని అడగండి.