శాస్త్రీయమా, శాస్త్రోక్తమా?

సందేహం: మా చిన్నాయన చేనులో బోరు పాయింట్ చూడటానికి ఒకాయన వచ్చారు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడిచి, కాయ నిక్కి నిలబడ్డ చోట నీళ్ళున్నాయన్నారు. "ఇది శాస్త్రీయమేనా?" అని నేనడిగితే "శాస్త్రంలో ఉన్నదే" అన్నారు. మా బడిలో సైన్సు సారు కూడా "శాస్త్రీయంగా ఆలోచించాలి" అంటారు. ఇద్దరిదీ ఒకే మాటేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: మాట ఒకటే, అర్థాలు రెండు. 'శాస్' అనే సంస్కృత ధాతువుకు ఆజ్ఞాపించడం, బోధించడం అని అర్థం. శాసనం, శిష్యుడు కూడా అందులోంచి వచ్చినవే. పెద్దలు విధించింది శాస్త్రం, దానికి లోబడింది శాస్త్రీయం. శాస్త్రీయ సంగీతం అన్నప్పుడు ఈ అర్థమే. మన పల్లెల్లో సామెతను 'శాత్రం' అంటాం. "ఎనకటికొక శాత్రం చెప్పిండ్రు" అని పెద్దాయన మొదలుపెడితే ఇక ఎదురు ప్రశ్న ఉండదు. పాయింట్ చూసినాయన పట్టుకున్నది ఈ పాత అర్థాన్నే. ఆయన అబద్ధమాడారని నేననను.

సైన్సు వచ్చాక ఆ మాటనే దానికీ తొడిగాం. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం ఒకటి. ఇక్కడ అర్థం తిరగబడింది. ఎవరు చెప్పారని కాదు, చెప్పింది పరీక్షకు నిలిచిందా అని చూడాలి. పరీక్షలో ఓడే వీలు కూడా ఆ మాటకు ఉండాలని కార్ల్ పాపర్ అనే తత్వవేత్త పట్టుబట్టాడు. నీళ్ళు పడితే కాయ మహిమ, పడకపోతే మీ నసీబు అంటే ఆ మాట ఎన్నటికీ ఓడదు. మనది గ్రానైటు నేల. రాతి పగుళ్ళలో, చివికిన పొరల్లో నీరు చేరుతుంది. కాయ చూపిన చోట పడ్డాయి సరే, పది గజాల అవతల వేసినా పడేవేమో! అది చూడకుండా కాయకు మార్కులు వేయలేం. బోరు ఫెయిలైతే అప్పు మాత్రం మీ చిన్నాయన నెత్తినే పడుతుంది.

మన నల్గొండ జిల్లా నీళ్ళనే చూడండి. ఫ్లోరైడ్ నీళ్ళు గ్లాసులో పోసి వెలుతురుకు పెడితే తేటగా ఉంటాయి. తాతల నాటి బావి అన్న నమ్మకానికి ఆ ఫ్లోరైడ్ దొరకలేదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పిల్లల పళ్ళు గారపడతాయి, మోతాదు బాగా పెరిగితే ఎముకలు వంగుతాయి. కొలిస్తేనే ఆ సంగతి బయటపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' (NEERI) శాస్త్రజ్ఞులు 1970లలో తయారుచేశారు. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్ళింది. మన ఊరి పేరు సైన్సులో పారిభాషిక పదం కావడం మాటలతో బతికే నాకు గర్వంగానూ ఉంటుంది, బాధగానూ ఉంటుంది. ఆ నీళ్ళలో అల్యూమినియం మిగలవచ్చనీ, అడుగున చేరే మడ్డిని వదిలించుకోవడం కష్టమనీ తేల్చింది కూడా పరీక్షలే. శాత్రాన్ని ఎవరూ ఇలా దిద్దరు.

'శాస్త్రీయం' బదులు 'వైజ్ఞానికం' వాడాలని కొందరంటారు. తప్పు లేదు, కానీ జనం నోట నిలవలేదు. నిజానికి పాత అర్థానికి మనకు 'శాస్త్రోక్తం' ఉండనే ఉంది. శాస్త్రంలో చెప్పినది అని అర్థం. పెళ్ళి శాస్త్రోక్తంగా జరిగిందంటాం గానీ శాస్త్రీయంగా జరిగిందనం కదా! మన నాలుక ఈ తేడాను ఎప్పుడో పట్టుకుంది. కాబట్టి పాయింట్ చూసినాయన వాడుక ఈనాటి తెలుగులో సరికాదు. అది నిజంగా ఏదైనా శాస్త్రంలో ఉంటే శాస్త్రోక్తం అవుతుంది. శాస్త్రీయం కావాలంటే పరీక్షించాలి.

ఆ పరీక్షకు ఖర్చేమీ లేదు. కాయ లేచిన చోట గుర్తు పెట్టండి. ఆయన ఒప్పుకుంటే కళ్ళకు గంతలు కట్టి, రెండు చుట్లు తిప్పి, వేరే గట్టు వైపు నుంచి మళ్ళీ నడిపించండి. అలా ఐదారుసార్లు చేసి ప్రతిసారీ కాయ ఎక్కడ లేచిందో అడుగులతో కొలిచి, ఏమొచ్చినా నాకు రాయండి.