డాలస్‌లో మా అమ్మాయి హైస్కూల్ నాటకాల్లో చేరతానంటోంది, చేర్చమంటారా?

మీరు అడిగినవి రెండు. అమ్మాయి ఈ ఏడు తొమ్మిదిలోకి వచ్చింది, థియేటర్ తీసుకుంటానంటోంది, రిహార్సల్స్ రాత్రి ఎనిమిది దాకా ఉంటాయట, మరి చదువు ఏం కాను అన్నది ఒకటి. ఈ స్కూల్ స్పిరిట్ పేరుతో ఒకరోజు నైట్ ప్యాంటు, ఇంకోరోజు రెండు రంగుల సాక్సులు వేసుకుని వెళ్తోంది, ఇదంతా ఏమిటన్నది రెండోది.

చేర్చండి. మా అమ్మాయి ఇదే డాలస్ చుట్టుపక్కల ఒక పబ్లిక్ స్కూల్లో నాలుగేళ్లు థియేటర్ చేసింది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా వేషం కట్టలేదు. అయినా చేర్చమనే అంటున్నాను.

ముందు స్పిరిట్ సంగతి. ఆ నైట్ ప్యాంటు వారం హోమ్‌కమింగ్‌కి, అంటే పాత విద్యార్థులు కూడా తిరిగొచ్చే స్కూలు పండక్కి, ముందు వస్తుంది. టెక్సస్‌లో దానితోపాటు మమ్ అని ఒకటి ఉంటుంది, త్వరలోనే మీ ఇంటికీ వస్తుంది. పళ్లెమంత బట్ట చామంతి, దాని కింద మోకాళ్ల దాకా స్కూలు రంగుల రిబ్బన్లు, వాటికి చిన్న చిన్న గంటలు, మధ్యలో ఒక బుల్లి ఎలుగుబంటి బొమ్మ. మా ఆవిడ దాన్ని మొదటిసారి చూసి "పెళ్లికూతురి పూలజడకి మేనత్తలా ఉందే" అంది. కొనాలంటే ఖరీదని డైనింగ్ టేబుల్ మీద గ్లూ గన్‌తో రెండు రాత్రులు కూర్చుని తనే చేసింది. పొద్దున్నే అది తగిలించుకుని అమ్మాయి గలగలమంటూ బస్సెక్కింది. సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లి, అందరూ నిలబడి అరుస్తుంటే తను ఫోన్ చూసుకుంటూ కూర్చుందట. గంటలు మోగినంత మాత్రాన స్కూలు మనదనిపించదు కదా.

ఆ తర్వాతి నెలలో మ్యూజికల్‌కి, అంటే పాటల నాటకానికి, ఆడిషన్ ఇచ్చింది. రెండో పిలుపు కూడా వచ్చింది. శుక్రవారం సాయంత్రం జాబితా పెట్టారు, పేరు లేదు. కార్లో ఇంటి దాకా ఒక్క మాట లేదు. నేను "పోనీలే, చదువుకుందువుగాని" అన్నాను. ఓదార్పు అనుకుని అన్న ఆ మాట ఎంత పొరపాటో ఆ రాత్రి మా ఆవిడ విడమర్చి చెప్పింది. సోమవారం వాళ్ల థియేటర్ టీచరే పిలిచి, సెట్లు కట్టడానికి మనుషులు కావాలి, వస్తావా అని అడిగింది.

మా ఇంట్లో మేకు కొట్టాలంటే నన్నే పిలిచే పిల్ల, నెల తిరిగేసరికి డ్రిల్లు పట్టుకుని ప్లైవుడ్‌కి స్క్రూలు బిగించడం నేర్చుకుంది. జుట్టు నిండా రంపపు పొట్టుతో ఇంటికొచ్చేది. పదో తరగతిలో లైట్ల బోర్డు. పదకొండులో స్టేజ్ మేనేజర్. అంటే నాటకం నడుస్తున్నంతసేపూ హెడ్‌సెట్ పెట్టుకుని, స్క్రిప్టు పక్కన పెన్సిల్‌తో రాసుకున్న నంబర్లు చూస్తూ ఏ లైటు ఎప్పుడు మారాలో, ఏ తెర ఎప్పుడు లేవాలో చెప్పే మనిషి. మన నాటక సమాజాల్లో తెర వెనక ఈల వేసే ఆయన ఉండేవాడే, అలాంటి పని. మా వంటింట్లో కూర్చుని ప్రాక్టీసు చేసేది: "స్టాండ్‌బై లైట్స్ 42... లైట్స్ 42, గో." పోపు చిటపటలాడుతుంటే పక్కన ఇది.

ఆ "గో" అన్న మాట అసలు సమయానికి తప్ప హెడ్‌సెట్‌లో ఎవరూ అనకూడదు. అవతల బోర్డు దగ్గరున్న పిల్లవాడు ఆ ఒక్క మాట కోసమే చెవులు రిక్కించి ఉంటాడు. ఈ సంగతి నాకు చెప్పలేదు, లేదా చెప్తే నేను వినలేదు. ఒక డ్రెస్ రిహార్సల్‌కి సెట్లు జరపడానికి వాలంటీరుగా వెళ్లాను. హెడ్‌సెట్ ఇచ్చారు. కాసేపటికి కాళ్లు పీకి, ఇక నేను వెళ్లొచ్చా అని మర్యాదగా ఇంగ్లీషులో అడిగాను. వాక్యంలో ఆ మాట ఉందిగా! మిట్టమధ్యాహ్నం తోట సీను కాస్తా నడిరాత్రి అయిపోయింది. చీకట్లో మా అమ్మాయి గొంతు చెవిలో చాలా నెమ్మదిగా వినిపించింది, "నాన్నా, హెడ్‌సెట్ తీసి కింద పెట్టండి." ఆ తర్వాత నాకు భోజనాల డ్యూటీయే వేశారు.

మీ అమ్మాయి ఎక్కువగా చెప్పబోయేది వన్ యాక్ట్ ప్లే గురించి. టెక్సస్ హైస్కూళ్లకి యూఐఎల్ అనే సంస్థ ఫుట్‌బాల్‌తోపాటు నాటకాల పోటీలు కూడా నడుపుతుంది. మన పరిషత్తు నాటికల పోటీలే అనుకోండి. జోన్, డిస్ట్రిక్ట్, బై-డిస్ట్రిక్ట్, ఏరియా, రీజియన్, చివరికి రాష్ట్రస్థాయి, ఇన్ని మెట్లు. ప్రదర్శన 40 నిమిషాలు దాటకూడదు. సెట్ పెట్టుకోవడానికి 7 నిమిషాలు, తీసేయడానికి ఇంకో 7. దాటితే పోటీలోంచి తీసేస్తారు. మా వాళ్లది హాస్య నాటకం. రిహార్సల్లో 38 నిమిషాలకి దిగింది, అందరూ సంతోషించారు, మా అమ్మాయి తప్ప. "జనం నవ్వితే?" అంటుంది. నవ్వులు కూడా టైములోకే వస్తాయి మరి. ఖాళీ హాల్లో 38 అంటే నిండు హాల్లో ఎంతవుతుందోనని స్టాప్‌వాచ్ పట్టుకుని, మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి నవ్వించింది. నాటకం బాగుండాలి కానీ మరీ బాగుండకూడదు అని దండం పెట్టుకున్న మనుషులం మేమే అనుకుంటా. చివరికి రెండు డైలాగులు కోశారు. ఆ ఏడు డిస్ట్రిక్ట్ దగ్గరే ఆగిపోయాం, టైము వల్ల మాత్రం కాదు.

మీరు అడిగిన స్పిరిట్ నాకు కనిపించింది అంతకు ముందు ఏడాది. ఫుట్‌బాల్ టీములో ఒక అబ్బాయి చిన్న పోలీసు వేషం వేశాడు. టీము మొత్తం జెర్సీలు వేసుకొచ్చి ముందు వరసలో కూర్చుంది. వాడు రాగానే టచ్‌డౌన్ కొట్టినట్టు అరిచారు, అదేమో శవం దొరికిన సీను. థియేటర్ పిల్లలు పడీ పడీ నవ్వుకున్నారు. తర్వాతి శుక్రవారం మిగిలిపోయిన సెట్టు రంగులతో వాడి పేరు బ్యానర్ రాసి, అందరూ కలిసి మ్యాచ్‌కి వెళ్లారు. మా అమ్మాయి ఆ రోజు ఫోన్ తియ్యలేదు. గొంతు పోయి ఇంటికొచ్చింది.

ఇక చదువు. ఇక్కడ నో పాస్ నో ప్లే అని 1984 నుంచి చట్టమే ఉంది. గ్రేడింగ్ పీరియడ్ (మార్కులు లెక్కగట్టే కొన్ని వారాల గడువు) చివర ఏ సబ్జెక్టులో అయినా 70 కంటే తగ్గితే పోటీలకి అర్హత పోతుంది. మూడు వారాల తర్వాత అన్నిట్లో పాసవుతుంటేనే మళ్లీ రానిస్తారు. కొన్ని కష్టమైన అడ్వాన్స్‌డ్ కోర్సులకి మినహాయింపు ఉంటుంది, స్కూల్లో కోర్సుల సలహాలిచ్చే కౌన్సెలర్‌ని అడగండి. ఒకసారి మాకు కెమిస్ట్రీలో 71 వచ్చింది. నేను అరిచేలోపే తను రెండు వారాలు తెర వెనక నల్ల బట్టల్లో కూర్చుని, చిన్న నీలం లైటు కింద లెక్కలు చేసుకుంది. నేను అరిచి ఉంటే అంత జరిగేది కాదు.

కష్టం లేదని మాత్రం చెప్పను. ప్రదర్శనకి ముందు లైట్లు, సౌండు, సెట్లు అన్నీ కలిపి సరిచూసుకునే టెక్ వీక్ అని ఒక వారం ఉంటుంది, ఆ వారం పిల్ల మీది కాదు. తారీఖులు ముందే ఇస్తారు, ఫ్రిజ్ మీద అంటించుకోండి. మాకు కూచిపూడి క్లాసు, శనివారం సెట్టు పని ఢీకొన్నాయి. రెండూ లాగాలని చూసి చివరికి కూచిపూడి మానేసింది. మా ఆవిడకి ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కాలేజీకి పనికొస్తుందా అంటే, టెక్సస్‌లో డిప్లొమాకి ఎలాగూ ఒక ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్ కావాలి, థియేటర్‌తో అది తీరిపోతుంది. అంతకు మించి లెక్కలు వేసి చేర్చకండి. ఆ లెక్కతో వచ్చిన పిల్లలు జాబితాలో పేరు లేకపోతే మర్నాడు కనిపించరు, చూశాను.

మాది తెనాలి వైపు. పదో తరగతి వార్షికోత్సవంలో నాకు కృష్ణుడి వేషం ఇస్తే, పరీక్షలని మా నాన్న మాన్పించారు. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో నాటకం వేయించారనీ, తెలుగులో తొలి నాటక ప్రదర్శనగా దాన్నే చెప్పుకుంటారనీ అప్పుడు తెలిసుంటే నాన్నతో వాదించేవాణ్నేమో. పరీక్షల్లో ఫస్ట్ క్లాసు వచ్చింది. ఎన్ని మార్కులో గుర్తు లేదు, ఆ కిరీటం అట్టముక్క ఎలా ఉండేదో గుర్తుంది.

చివరగా ఒక పని మాట. టెక్ వీక్‌లో పిల్లలకి రాత్రి భోజనాలు తల్లిదండ్రులే తెస్తారు. మేము పులిహోర పట్టుకెళ్లేవాళ్లం, రెండో ఏడు నుంచి ఎల్లో రైస్ ఎప్పుడని పిల్లలే అడిగారు. ఎలర్జీలు ఉంటాయి కాబట్టి పల్లీలు, జీడిపప్పు వేయకండి, శనగపప్పు, మినప్పప్పుతో కానివ్వండి. సైన్-అప్ షీట్ వచ్చిన రోజే పేరు రాసుకోండి. ఆలస్యమైతే పేపర్ ప్లేట్లే మిగుల్తాయి.